మిర్యాలగూడ మిల్లు గదుల్లో నేను తప్పిన నెల

పాలకీడులో తొమ్మిదేళ్లు, మోతెలో ఆరు, కోదాడలో ఎనిమిది, మిర్యాలగూడలో పదకొండు. మొత్తం ముప్పై నాలుగేళ్లు ఏఎన్‌ఎంగా పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు సూర్యాపేటలో మా చెల్లెలి ఇంటి పక్క వాటాలో ఉంటున్నాను. కొత్తగా ఉద్యోగంలో చేరిన అమ్మాయిలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, ఆన్‌లైన్ ఎంట్రీ ఎలా చేయాలో అడుగుతారు. అది నాకు రాదు. రిటైరయ్యే రోజుకు కూడా రాలేదు. మీకు ఎలాగూ వస్తుంది. నాకు వచ్చింది, రాక దెబ్బతిన్నది రాస్తాను.

బయటివాళ్లు మన పని సూది వేయడం అనుకుంటారు. సూది వేయడం పది రోజుల్లో ఎవరికైనా వస్తుంది. మన అసలు పని ఒక ప్రశ్న అడగడం: "ఆఖరిసారి నెలసరి ఎప్పుడొచ్చింది?" ఆ జవాబుకు తొమ్మిది నెలల ఏడు రోజులు కలిపితే కాన్పు తేదీ. టీకాలు, రక్తపరీక్షలు, అంబులెన్సు, పుట్టింటి నుంచి తల్లి ఎప్పుడు బయల్దేరాలి అన్నది కూడా, ఆ ఒక్క తేదీ మీదే నిలబడతాయి. కానీ ఆ జవాబు ఎవరూ తేదీ రూపంలో చెప్పరు. అక్కడ మొదలవుతుంది మన ఉద్యోగం.

కంది కొట్టేటప్పుడు

పాలకీడులో చేరిన మొదటి వారం ఒకామెను ఆ ప్రశ్న అడిగాను. "కంది కొట్టేటప్పుడు" అంది. నేను రిజిస్టర్లో "తెలియదు" అని రాసుకుని వచ్చేశాను. మా సూపర్‌వైజర్ రుక్మిణమ్మ ఆ గడి మీద వేలు పెట్టింది.

"తెల్వదు అని రాసినవ్. ఎవరికి తెల్వదు? ఆమెకా, నీకా?"

"ఆమె తారీఖు చెప్తలేదు మేడం."

"ఆమె కంది కొట్టేటప్పుడు అన్నది. అది తారీఖు గాదా? నడువు."

నన్ను వెంటబెట్టుకుని మళ్లీ ఆ ఇంటికి తీసుకుపోయింది. గడప మీద కూర్చుని ఆమెతో ముచ్చట పెట్టింది. మీ కంది ముందు కొట్టిన్రా, మీ బావ వాళ్లది ముందు కొట్టిన్రా? అప్పటికి మీ ఆడబిడ్డ వచ్చిందా? వచ్చిననాడు ఏం కూర? అమావాస్య అయిందా, కాలేదా? పావుగంటలో తేదీ తేలింది. ఆ బిడ్డ రుక్మిణమ్మ లెక్కకు రెండు రోజుల తేడాతో పుట్టింది.

రుక్మిణమ్మ నోరు మంచిది కాదు. నలుగురిలో తిట్టేది. ఆమె బదిలీ అయిన రోజు మేమంతా మిర్చి బజ్జీలు తెప్పించుకుని తిన్నాం. అయినా నాకు పని నేర్పింది ఆమే. మంచి మనిషి అయిన అధికారి దొరికితే సంతోషించండి, కానీ పని తెలిసిన అధికారి దొరికితే తిట్లు పడండి.

ఆ తర్వాతే నేను పంచాంగం పట్టాను. మాది ఆదివారం చర్చికి పోయే కుటుంబం. ఇంట్లో తిథులూ పక్షాలూ ఎవరికీ తెలియవు. ఊళ్లలో ఆడవాళ్లు మాత్రం "దసరా అయినంక మూడొద్దులకు", "శ్రావణంల రెండో శుక్రవారం" అనే చెబుతారు. షావుకారు ప్రతి ఉగాదికీ కొట్లో పంచే క్యాలెండర్ తెచ్చుకుని, శుద్ధం అంటే వెన్నెల పెరిగే పక్షం, బహుళం అంటే తగ్గే పక్షం అని మొదటి నుంచి నేర్చుకున్నాను. మా అమ్మకు నచ్చలేదు.

"ప్రార్థన చేసుకునే తావుల గిదేంది మార్తా?"

"గిది లేకుంటే నా కొలువు నడువదమ్మా."

"నడిపిచ్చుకో. కానీ గోడకు గాదు, తలుపు ఎనక తగిలియ్యి."

మోతెకు బదిలీ అయ్యేసరికి నాకు "అమావాస్య సిస్టరు" అని పేరు పడింది. ఏ పండుగ చెప్పినా చూడకుండా తేదీ చెప్పేదాన్ని. గర్వంగా ఉండేది. ఆ గర్వం గురించే ఇదంతా.

ఒక్క ఖాళీ లేని రిజిస్టరు

కోదాడలో మా డాక్టరు గారిది అవతలి జిల్లా. మర్యాదగా మాట్లాడేవారు, అది తిట్టుకన్నా ఎక్కువ తగిలేది. ఒకరోజు నా రిజిస్టరు మొత్తం తిప్పి చూశారు.

"మార్తమ్మ గారూ, ఒక్క గడి కూడా ఖాళీ లేదండీ. నాకు భయమేస్తోంది."

"ఖాళీ లేకుంటే మంచిదే గదా సార్?"

"ఇంతమంది మనుషులకు ఇంత కచ్చితంగా గుర్తుంటుందా? ఎక్కడో ఒకచోట వాళ్లు చెప్పనిది మీరు నింపుతున్నారు. అనుమానం ఉన్న తేదీ పెన్సిల్‌తో రాయండి. తర్వాత దిద్దుకోవచ్చు."

రెండు నెలలు ఆయన మీద కోపంగా ఉన్నాను. పెన్సిల్ కొన్నాను గానీ వాడలేదు. పెన్సిల్‌తో రాస్తే పిల్లల నోటుబుక్కులా ఉంటుందని నా అభిప్రాయం.

బియ్యం చెరిగే చేటలు కావు

మిర్యాలగూడలో నా ఏరియాలో ఒక రైసు మిల్లు ఉండేది. దాని వెనక ఇరవై రెండు రేకుల గదులు. నేను వెళ్లిన కొత్తలో అన్నింట్లో మగవాళ్లే, బిహార్ నుంచి బస్తాలు మోయడానికి వచ్చినవాళ్లు. నాకు అక్కడ పనే ఉండేది కాదు. తర్వాత ఒకరొకరుగా భార్యలు వచ్చారు. నాలుగేళ్లలో పద్నాలుగు గదుల్లో సంసారాలు వెలిశాయి.

ఆ గదుల్లోకి వెళ్తే మిర్యాలగూడ దాటి ఎక్కడికో పోయినట్టుండేది. సాయంత్రం నాలుగింటికి ప్రతి గుమ్మంలో ఒక ఫోన్, ఫోన్లో ఒక అత్తో అమ్మో. ఇక్కడి పొయ్యి మీద కూర అక్కడి అత్తకు చూపించాలి. ఆమె ఉప్పు గురించి మాట్లాడాలి. వేయించిన శనగల పిండి ఊరి నుంచే రావాలి. ఇక్కడి శనగలకు ఆ వాసన రాదట. దీపావళి ముందు ఊరి నుంచి వచ్చేవాళ్లు రెండు రోజుల రైలు ప్రయాణంలో ఒళ్లో పెట్టుకుని చేటలు తెచ్చేవారు.

"చేటలు మా దగ్గర దొరుకుతయి గదా?" అన్నాను ఒకసారి.

"దొరుకుతయ్ దీదీ," అంది చంద్రావతి. "అవి బియ్యం చెరిగే చేటలు. ఇవి సూర్యునివి."

చంద్రావతి ఆ గదులకు పెద్ద దిక్కు. భార్యల్లో అందరికన్నా ముందు వచ్చింది ఆమే. అందరూ చాచీ, అంటే పిన్ని అంటారు. ఆమె తెలుగు నల్లా దగ్గర నేర్చుకున్నది, కాబట్టి తిట్లు స్పష్టంగా, మిగతావి కొంచెం అస్పష్టంగా ఉంటాయి. నాకు దుబాసీ ఆమే.

జూలై ఆఖర్లో చాచీ ఒక కొత్త అమ్మాయిని తెచ్చింది. పేరు గుడియా, ఇరవై రెండేళ్లు. భర్త రంజిత్ మిల్లులో హమాలీ. మొదటి కాన్పు రెండేళ్ల కిందట ఊళ్లో అయింది, బిడ్డ దక్కలేదు. ఆ రోజు రంజిత్ ఇక్కడ బస్తాలు మోస్తున్నాడు. సంగతి ఫోన్లో విన్నాడు. అందుకే ఈసారి భార్యను వెంట తెచ్చుకున్నాడు. "ఈసారి నేను పక్కనే ఉంటా" అని ఆమెకు మాటిచ్చాడు. ఇదంతా నేను అడగకుండానే చాచీ చెప్పింది. నేను అడిగింది ఒక్కటే.

"ఆఖరిసారి ఎప్పుడొచ్చింది బిడ్డా?"

చాచీ అడిగే లోపే గుడియా చెప్పేసింది. "మాఘ్. అన్హరియా. అష్టమి."

"అన్హరియా అంటే చీకటి దీదీ," అంది చాచీ. "చందమామ తగ్గే రోజులు."

నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. ముప్పై ఏళ్లుగా కందులూ ఆడబిడ్డలూ కూరలూ వెతికినదాన్ని, నెల, పక్షం, తిథి మూడూ ఒకేసారి చెప్పే మనిషి దొరికింది. మాఘ బహుళ అష్టమి. క్యాలెండర్ చూశాను, ఫిబ్రవరి ఇరవై నాలుగు. రుక్మిణమ్మ నేర్పినట్టు ఒక పండుగతో సరిచూసుకున్నాను కూడా.

"శివరాత్రికి ముందే గదా?"

"ముందే."

తొమ్మిది నెలల ఏడు రోజులు కలిపితే డిసెంబరు ఒకటి. పెన్నుతో రాశాను.

చేతులు చెప్పినది, కాగితం చెప్పినది

ఆ తర్వాత ప్రతిసారీ గుడియా పొట్ట కొలిస్తే నా లెక్కకన్నా నెల ఎక్కువ వచ్చేది. మొదటిసారి టేపు తప్పనుకున్నాను. రెండోసారి "బిడ్డ పెద్దది" అని రాశాను. స్కానింగుకు రెండుసార్లు రాసిచ్చాను, రెండుసార్లూ వెళ్లలేదు. అక్కడ ఎవరేం మాట్లాడతారో అర్థం కాదని ఆమె భయం. నేను వెంట పోవాల్సింది. నాకు ఆ రోజు వేరే మీటింగు ఉంది. మీటింగులో ఏం మాట్లాడుకున్నామో ఇప్పుడు ఒక్క ముక్క గుర్తు లేదు.

ముప్పై ఏళ్ల అనుభవం ఉన్న నా చేతులు నిజం చెబుతుంటే, నేను నా రాతనే నమ్మాను. మీరు ఎన్ని పుస్తకాలు చదివినా ఇది గుర్తుపెట్టుకోండి: చేతికీ కాగితానికీ తేడా వస్తే, ముందు కాగితాన్ని అనుమానించండి. ముఖ్యంగా అది మీరు రాసిందైతే.

దసరా అయ్యాక రంజిత్ సబ్‌సెంటర్‌కు వచ్చాడు. చెప్పులు బయట విడిచి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. వాళ్ల ఛఠ్ పండుగ దీపావళి తర్వాత ఆరో రోజు. మునిగే సూర్యుడికి, మర్నాడు పొడిచే సూర్యుడికి నీళ్లలో నిలబడి మొక్కుతారు. ఉపవాసం ఉన్నవాళ్లు ముప్పై ఆరు గంటలు మంచినీళ్లు కూడా ముట్టరు. మొదటి బిడ్డ పోయినప్పుడు రంజిత్ తల్లి మొక్కుకుందట, మళ్లీ కడుపు పండితే కొడుకుతో కలిసి తమ ఊరి ఏటిలో నిలబడతానని.

"పోయి రావొచ్చా దీదీ? వచ్చేటప్పుడు అమ్మను గూడ తెస్త. కాన్పుకు ఉంటది."

నేను కాగితం తీసి లెక్క వేశాను. "పండుగ అయినంక రెండొద్దులు ఆగి రైలెక్కితివనుకో, నవంబర్ అయిదుకు గీడ ఉంటవ్. కాన్పు డిసెంబర్ ఒకటి. ఇరవై ఆరు రోజులు చేతుల ఉంటయ్. పోయి రా."

"పక్కానా దీదీ? ఆమెకు మాటిచ్చిన."

"నేను రాసిన తారీఖు తప్పదు."

మర్నాడు చాచీ వచ్చింది. పొట్ట కిందికి దిగిందని గుడియా అంటోందట. అతను పోవడం ఆమెకు ఇష్టం లేదట. నేను రిజిస్టర్ తెరిచి, డిసెంబరు ఒకటి అన్న గడి మీద వేలు పెట్టి చూపించాను. చదువు రాని ఇద్దరు ఆడవాళ్ల నోరు రిజిస్టర్ చూపించి మూయించాను. నా ఉద్యోగంలో నేను చేసిన పనులన్నింటిలో సిగ్గుపడేది ఇదే, లెక్క తప్పడం కాదు.

రంజిత్ రైలెక్కాడు.

కాలువ మెట్ల మీద

ఆ ఏడు మిగతావాళ్లలో చాలామందికి రైల్లో చోటు దొరకలేదు. దిగులుగా కూర్చున్నారు. చాచీ అందరినీ లేపింది. "ఎడమ కాలువల నీళ్లున్నయ్. సూర్యుడు గీడ గూడ మునుగుతడు. ఇంకేం గావాలె?" అంది. మగవాళ్లు మూడు రోజులు కష్టపడి బట్టలుతికే మెట్లు కడిగి, పాచి గీకి, అరటి బోదెలు నాటారు. మిల్లు యజమాని లైట్లు కట్టించాడు. నన్నూ పిలిచారు. గుడియాను ఉపవాసం ఉండొద్దని నేను గట్టిగా చెప్పి ఉన్నాను, అది పాటించిందో లేదో చూసుకోవడానికైనా వెళ్లాలనుకున్నాను.

సాయంత్రం నాలుగున్నరకు వెళ్లాను. పసుపు చీరలు, ముక్కు కొస నుంచి పాపిడి దాకా దిద్దుకున్న సిందూరం, నీళ్లలోకి వంచి కట్టిన చెరుకు గడలు, ఊరి చేటల్లో అరటిపళ్లు, కొబ్బరికాయలు, బెల్లంతో చేసిన గోధుమ పిండి వంటకం. నడుము లోతు నీళ్లలో చాచీ, ఆమె పక్కన మరో ఎనిమిది మంది. గట్టు మీద గుడియా, మిగతా ఆడవాళ్లు పాట పాడుతున్నారు. ఫోన్లలో అక్కడి ఏటి ఒడ్డున ఉన్నవాళ్లు ఇదే పాట పాడుతున్నారు. ఇక్కడివాళ్లు అక్కడివాళ్లకు కాలువ చూపిస్తున్నారు, అక్కడివాళ్లు ఇక్కడివాళ్లకు ఏరు చూపిస్తున్నారు. ఎవరి సూర్యుడు ముందు మునుగుతాడని పందెం కూడా నడుస్తోంది. అక్కడివాళ్లే గెలిచారు.

బస్తీ జనం చూడ్డానికి వచ్చారు. పూలమ్మే ముసలామె ఉండబట్టలేక అడిగింది.

"ఏందవ్వా, మునిగేటోనికి మొక్కుతున్నరు? పొడిసేటోనికి గదా లోకమంత మొక్కేది?"

నీళ్లలోంచి చాచీ జవాబిచ్చింది. "పొద్దుగాల పొడిసేటోన్ని అందరు సూస్తరు. పనిజేసి ఇంటికి పోయేటోన్ని ఎవరు సూస్తరు? మేం సూస్తం."

ముసలామె బుట్టలోంచి మూర బంతిపూలు తీసి నీళ్లలోకి ఇచ్చింది.

అయిదూ ఇరవైకి గుడియా పాట ఆపింది. నా వైపు చూసింది. ఆ చూపు మనకు తెలుసు కదా. వెళ్లి పొట్ట మీద చెయ్యి వేశాను. రాయిలా ఉంది.

"ఎనిమిది నెలలే! ఇంక నెలలు నిండలే!" అని అరిచాను. "అంబులెన్సుకు ఫోన్ చెయ్యిండి! నల్లగొండ పోవాలె!" నెలలు నిండని బిడ్డకైతే నల్లగొండ, నిండిన బిడ్డకైతే పది నిమిషాల్లో మన ఊరి దవాఖానే. రెండో కాన్పు. నల్లగొండ దాకా ఆగుతుందో లేదో తెలియదు.

చాచీ నీళ్లలోంచి కేక వేసింది. "ఎనిమిది గాదు! తొమ్మిది నిండినయ్!"

"నువ్వు ఊకో చాచీ. నేను రాసిన గదా."

"నువ్వు రాస్తే అయితదా? సూర్యుడు మునిగేదాక నేను బయటికి రాను. నువ్వే ఇటు రా. లెక్కజెప్త."

చీర తడుస్తుందని కూడా చూసుకోకుండా మోకాలి లోతు దిగాను. ఆమె వేళ్ల కణుపుల మీద లెక్కపెట్టింది, మాఘ్ నుంచి కాతిక్ దాకా.

"మాఘ్ అష్టమి. తొమ్మిది నెలలు అయిపోయినయ్."

"మాఘ అష్టమి అయినంక ఆరో రోజు శివరాత్రి. గక్కడికెల్లి ఎనిమిదే అయితయ్."

"శివరాత్రి మాఘ్‌ల ఏంది దీదీ? శివరాత్రి ఫాగున్‌ల!"

"మాఘంలనే!"

"ఫాగున్! నువ్వు ఏసు దేవుని మనిషివి, నీకేం ఎరుక?"

ముప్పై ఏళ్ల నా పంచాంగానికి అంత అవమానం ఎన్నడూ జరగలేదు. గట్టు మీద గుడియా మూలుగుతోంది. ఏదో ఒకటి తేల్చాలి. ఇద్దరికీ తప్పని పండుగ ఒకటి పట్టుకున్నాను, అప్పటికి ఆరు రోజుల కిందటిది.

"సరే, మొన్న దీపావళి అమావాస్య ఏ నెల?"

"కాతిక్."

"మాకు ఆశ్వయుజం," అన్నాను.

ఒకే రాత్రి, ఒకే అమావాస్య. వాళ్లు కార్తీకం అంటున్నారు, మనం ఆశ్వయుజం అంటున్నాం. అమ్మాయిలూ, ఇది మీకు ఏ ట్రైనింగులోనూ చెప్పరు. మన నెల అమావాస్యతో ముగుస్తుంది. వాళ్ల నెల పున్నమితో ముగుస్తుంది. అంటే వాళ్లకు నెలలో ముందు చీకటి పక్షం, తర్వాత వెన్నెల పక్షం. మనకు ముందు వెన్నెల, తర్వాత చీకటి. వెన్నెల పక్షంలో రెండు లెక్కలూ కలుస్తాయి. అందుకే ఇన్నేళ్లున్నా నాకు అనుమానం రాలేదు. చీకటి పక్షంలో మాత్రం వాళ్ల పేరు మనకన్నా ఒక నెల ముందుంటుంది. వాళ్ల మాఘ్ చీకటి అష్టమి మనకు పుష్య బహుళ అష్టమి. ఫిబ్రవరి ఇరవై నాలుగు కాదు, జనవరి ఇరవై అయిదు. శివరాత్రికి ముందేనా అని అడిగితే ముందే అంది పాపం. ముప్పై ఆరు రోజుల ముందు.

ఆ రోజు అక్టోబరు ముప్పై. తొమ్మిది నెలల అయిదు రోజులు.

"నల్లగొండ వద్దు!" అని మళ్లీ అరిచాను. "మన దవాఖానకే!"

చాచీ సూర్యుడి వైపు తిరిగి చేట ఎత్తింది.

ఎంతమంది అత్తలు

బండిలో గుడియా నా మణికట్టు పట్టుకుంది. నొప్పికీ నొప్పికీ మధ్య హిందీలో ఒక్కటే అడిగింది. నాకు అర్థమైంది. "ఆయన్ను నువ్వే పంపినవ్ గదా దీదీ?" అవునన్నాను. అయినా ఆమె నా మణికట్టు వదల్లేదు.

దవాఖానలో డ్యూటీ డాక్టరు నా కార్డు చూసి, నెలలు నిండలేదని కేస్ షీట్లో రాయబోయింది. ఆపి, తేదీ కొట్టేయించాను. అంతలో రంజిత్ వీడియో ఫోను. ఏటి ఒడ్డున తడి పంచెతో నిలబడి ఉన్నాడు.

"నెల ముందే వస్తుందా దీదీ? ఇది గూడ పోతదా?"

అమ్మాయిలూ, ఆ క్షణంలో "బిడ్డ తొందరపడ్డది" అంటే సరిపోయేది. అందరూ నమ్మేవారు. కానీ అతను రాత్రంతా ఆ భయంతో ఉండి తెల్లారి మళ్లీ నీళ్లలో నిలబడాలి.

"పోదు. నెలలు నిండినయ్ నాయనా. బిడ్డ మంచిగుంది. లెక్క తప్పింది నేను."

అవతలి పాట మధ్యలోనే ఫోన్ కట్ అయింది.

మీరు సూర్యోదయానికే బిడ్డ పుడుతుందని ఎదురు చూస్తుంటారు. లేదు. తెల్లవారే పూజ అయిపోయి, ప్రసాదం తిని, ఉపవాసం విడిచి, తడి చీరలతోనే ఆడవాళ్లంతా దవాఖాన గేటు దగ్గరికి వచ్చారు. గేటు కాపలా అతను చేతులు అడ్డం పెట్టాడు.

"ఒక్కరే పోవాలె. అత్తనో, అమ్మనో."

"నేను అత్తను," అంది చాచీ.

"నేను అత్తను," అంది వెనకామె.

"నేను గూడ."

"ఎంతమంది అత్తలమ్మా ఒక్క పిల్లకు?"

"పదమూడు," అంది చాచీ. "పద్నాలుగో ఆమె రైల్ల వస్తుంది."

అతను నవ్వాపుకోలేక ఇద్దరిని పంపాడు. ఎలాగో నలుగురు వచ్చారు. తొమ్మిదీ నలభైకి మగబిడ్డ పుట్టాడు. రెండు కిలోల తొమ్మిది వందల గ్రాములు. గోళ్లు వేళ్ల కొసలు దాటి ఉన్నాయి. నెలలు నిండిన బిడ్డే.

గుడియా బిడ్డను చూసి, తర్వాత తలుపు వైపు చూసింది.

పాత రిజిస్టర్లు

ఆ మధ్యాహ్నం సబ్‌సెంటర్‌కు వెళ్లి నాలుగేళ్ల రిజిస్టర్లు తీశాను. ఆ మిల్లు గదుల్లో "నెల ముందు పుట్టిన" పిల్లలని నేను రాసినవాళ్లు అయిదుగురు. అయిదుగురి తల్లులూ చీకటి పక్షం తిథి చెప్పినవాళ్లే. అయిదుగురు పిల్లలూ రెండున్నర కిలోల పైనే పుట్టారు. పైగా నేను ఒక రిపోర్టులో ఇలా రాశాను: "బిహారీ స్త్రీలు బరువు పనులు చేయడం వల్ల నెలలు నిండక ముందే కాన్పులు అవుతున్నవి." మీటింగులో చదివితే అందరూ తలలూపారు. నా లెక్క తప్పుకు వాళ్ల ఒళ్లు కారణమని రాశాను.

ఆ రిపోర్టు తప్పని మా పైనున్న డాక్టరమ్మకు రాసిచ్చాను. చాచీ వాళ్లతో ఊరి నుంచి వాళ్ల క్యాలెండర్ తెప్పించి, మన క్యాలెండర్ పక్కన తగిలించాను. పెన్సిల్ కూడా తీశాను. మీ ఏరియాలో ఒడిశా వాళ్లుంటారు, బెంగాల్ వాళ్లుంటారు. వాళ్ల నెల ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో, వాళ్ల లెక్క ఏమిటో ముందు అడగండి. మనిషి మిర్యాలగూడలో ఉన్నంత మాత్రాన ఆమె నెలలు మిర్యాలగూడవి కావు.

ఆరో రోజు

రంజిత్ దొరికిన రైలెక్కి, తల్లితో సహా నవంబరు మూడున దిగాడు. నేను వెళ్లి ఎదురుగా నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పాను. విన్నాడు. మర్నాడు కనిపిస్తే పక్కకు తిరిగి వెళ్లిపోయాడు. తిడితే బాగుండుననిపించింది. ఆ గదుల్లో ఇంకో ఇద్దరు గర్భవతులు ఉన్నారు. అతను నన్ను నమ్మకపోతే రేపు వాళ్లూ నా దగ్గరికి రారు.

బిడ్డ పుట్టిన ఆరో రోజు వాళ్లకు వేడుక. మేనత్త వచ్చి బిడ్డ కంటికి కాటుక పెట్టాలి. రంజిత్ అక్కచెల్లెళ్లు ఇక్కడ లేరు. సాయంత్రం చాచీ వచ్చి "రంజిత్ పిలుస్తుండు, నడువు" అంది. ఎందుకో చెప్పలేదు.

గది నిండా జనం. రంజిత్ తల్లి కాటుక గిన్నె నా చేతిలో పెట్టింది. నాకు విషయం అర్థమైంది. ముప్పై ఏళ్లుగా "పిల్లల కండ్లల్ల కాటుక పెట్టొద్దు" అని చెప్పిన నోరు ఇది.

"కంటికి పెట్ట. అరికాలికి పెడ్త," అన్నాను.

రంజిత్ తల్లి ముఖం మాడ్చుకుంది. వాళ్ల భాషలో ఏదో అంది. చాచీ ఆమె భుజం తట్టింది. "పెట్టనియ్యి. గవర్నమెంటు మేనత్త. గిట్లనే ఉంటది."

అందరూ నవ్వారు. ఎర్రటి చిన్న అరికాలి మీద చుక్క పెట్టాను. వాడు కాలు ఝాడించి నా తెల్ల చీరకు అద్దాడు.

అప్పుడు రంజిత్ ముందుకు వచ్చాడు.

"మేనత్తవు అయినవ్ గదా దీదీ?"

"అయిన."

"బయటోళ్లను తిడితే లొల్లి అయితది. ఇంటోళ్లను తిట్టొచ్చు."

"తిట్టు నాయనా."

తిట్టాడు. మొదట తెలుగులో మొదలుపెట్టాడు, చాలక హిందీలోకి పోయాడు, అదీ చాలక వాళ్ల ఊరి భాషలోకి దిగాడు. ఏడు నిమిషాలు. నాకు అందులో తెలిసిన మాట డిసెంబర్ ఒక్కటే. అది ఆరుసార్లు వచ్చింది. తల వంచుకుని నిలబడ్డాను. తిట్టడం అయ్యాక అతనికి తల్లి నీళ్లిచ్చింది. తాగి, మోచేత్తో ముఖం తుడుచుకుని, మూలనున్న పీట తెచ్చి నా ముందు వేశాడు.

నేను మొహమాటపడి, పొద్దుపోయింది, వెళ్తానన్నాను.

మంచం మీద నుంచి గుడియా బిడ్డను ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుంది. వచ్చి మూడు నెలలైనా ఆమె నోట తెలుగు నేను అంతవరకు వినలేదు.

"కూసో దీదీ," అంది. "నా వంతు ఇంక ఉంది."

కూర్చున్నాను.